చీలమండ బెణికాక మళ్లీ కబడ్డీ కోర్టులోకి: ఏ ఇబ్బందికి ఏం చేయాలి

ధనుర్మాసం వచ్చిందంటే కోనసీమ ఊళ్లలో సాయంత్రాలన్నీ కబడ్డీవే. సార్వా కోతలైన చేలోనో హైస్కూలు గ్రౌండులోనో సున్నంతో గీతలు గీస్తారు, సంక్రాంతి పోటీలకు జట్లు తయారవుతాయి. ప్రతి ఏడాదీ సరిగ్గా ఆ రోజుల్లోనే ఒకరిద్దరు కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి, "కాలు బెణికి ఇరవై రోజులైంది మాస్టారూ, నొప్పి లేదండి, దిగిపోమంటారా?" అని అడుగుతారు.

కాలేజీ రోజుల్లో నేనూ ఇదే ప్రశ్న వేసుకుని, జవాబు కోసం ఆగకుండా పన్నెండో రోజున కూతకు వెళ్లాను. మూడో కూతలో వెనక్కి తిరుగుతుంటే అదే కాలు మళ్లీ మడతపడింది. ఆ ఏడాది ఆట అంతటితో సరి. బెణికిన చీలమండలో అన్నిటికన్నా ముందు పోయేది నొప్పి. చీలమండ వంగడం, పిక్క బలం, కాలు ఎటు వాలుతోందో క్షణంలో పసిగట్టే శక్తి, ఇవన్నీ దాని తర్వాత ఒక్కొక్కటిగా వస్తాయి. ఏది ఇంకా రాలేదో మీకు ఉన్న ఇబ్బందే చెబుతుంది. అందుకే ఇబ్బందుల వారీగా రాస్తున్నాను.

అసలు ఇది బెణుకేనా?

పాదం లోపలికి మడతపడినప్పుడు బయటి గిలక (చీలమండ పక్కన ఉబికి కనిపించే ఎముక) కింద ఉండే మూడు లిగమెంట్ల మీద, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే తాళ్ల మీద, భారం పడుతుంది. వాటిలో గిలక ముందువైపు ఉన్నది సాధారణంగా మొదట దెబ్బతింటుంది. ఎముక విరిగినా ఇదే వాపు, ఇదే నీలం రంగు కనిపిస్తాయి కాబట్టి చూసి తేల్చలేం. కెనడాలోని ఆటవా డాక్టర్లు 1992లో కొన్ని నియమాలు ప్రకటించారు. ఎక్స్‌రే అవసరమా కాదా తేల్చడానికి ఆసుపత్రుల్లో ఇప్పటికీ వాటినే వాడతారు. వాటి సారం ఇది. రెండు గిలకల్లో దేనికైనా వెనక అంచు మీద, చివరి 6 సెంటీమీటర్లలో ఎముకనే నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. చిటికెన వేలి నుంచి వెనక్కి వచ్చే ఎముక మొదట్లో, లేదా పాదం లోపలి వంపు పైన నొక్కినప్పుడు నొప్పి ఉన్నా అంతే. దెబ్బ తగిలిన వెంటనే, ఆ తర్వాత ఆసుపత్రిలోనూ కుంటుతూనైనా నాలుగు అడుగులు వేయలేకపోతే మరో మాట లేకుండా ఎక్స్‌రేకి వెళ్లాలి. ఇంకా ఎదుగుతున్న పిల్లలైతే ఈ లెక్కలేవీ ఇంట్లో వేయకండి, నేరుగా డాక్టరుకు చూపించండి. వాళ్ల ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే భాగం మెత్తగా ఉంటుంది, దెబ్బ అక్కడ తగలవచ్చు.

మొదటి రెండు మూడు రోజులు గట్టి మర్దన, వేడి కాపడం వద్దు. మన ఇళ్లలో చింతపండు, ఉప్పు ఉడికించి వేసే వేడి పట్టు కూడా ఆ రోజుల్లో వేయకండి. లోపల రక్తం కారుతున్న చోట వేడి తగిలితే వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు ఒక్కోసారి 15 నిమిషాలు, క్రేప్ బ్యాండేజీ, కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకోవడం చాలు. కట్టు కట్టాక వేళ్లు చల్లబడినా తిమ్మిరెక్కినా వెంటనే వదులు చేయండి.

పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి వాపు వస్తోంది

కారణం: ఆ కాలు మోయగలిగిన దానికన్నా ఎక్కువ పని ఆ రోజు చేసింది. మరేదో కొత్త దెబ్బ తగిలిందని టెన్షన్ పడక్కర్లేదు.

పరిష్కారం: నిన్న చేసిన పనిలో సగానికి తగ్గించండి, పూర్తిగా మంచం మాత్రం ఎక్కకండి. మరుసటి పొద్దున లేవగానే రెండు కాళ్ల చీలమండలూ పక్కపక్కన పెట్టి చూడండి. వాపు రాత్రికి రాత్రే దిగిపోతే నిన్నటి పని సరిపోయినట్టు. పొద్దుటికీ దిగకపోతే ఎక్కువైనట్టు. కోర్టులో అడుగు పెట్టేదాకా ప్రతి రోజూ ఈ పరీక్షే మీకు కొలత.

వాపు చీలమండ దగ్గర కాకుండా పిక్కలో వచ్చి, పిక్క వెచ్చగా, గట్టిగా, నొప్పిగా ఉంటే అది వేరే సంగతి. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

గొంతుక్కూర్చుంటే మడమ లేచిపోతోంది, మెట్లు దిగుతుంటే చీలమండ ముందు పట్టేస్తోంది

ఇది చాలామంది పట్టించుకోని లోటు. వారాల తరబడి కాలు కదలకుండా ఉంచితే మోకాలు పాదం మీదుగా ముందుకు వంగే కదలిక తగ్గిపోతుంది. కబడ్డీలో డిఫెండరు ఆటంతా సగం కూర్చున్న భంగిమే. మడమ నేలకు ఆననప్పుడు బరువు వేళ్ల మీదికి పోతుంది. అలా ఉన్న పాదం పక్కకు పడిపోవడం చాలా తేలిక.

ఇంట్లోనే కొలుచుకోవచ్చు. గోడకు ఎదురుగా నిలబడి మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించండి. పాదాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ, మోకాలు తాకగలిగిన ఆఖరి దూరం దగ్గర ఆగండి. బొటనవేలి నుంచి గోడకు ఎంత ఉందో స్కేలుతో కొలవండి. రెండో కాలితోనూ అదే చేయండి. రెండింటికీ తేడా 2 సెంటీమీటర్లు దాటితే ఇంకా పని ఉంది.

ఆ కొలతే వ్యాయామం కూడా. మోకాలు గోడకు తాకించడం, వెనక్కి తీయడం, ఒక్కో విడతకు పదిహేను, రోజుకు మూడు విడతలు. పిక్క సాగదీయడం దీనికి తోడు. పిక్క వెనక సాగుతున్నట్టు ఉంటే సరైన దారిలోనే ఉన్నారు. చీలమండ ముందు భాగంలో ఏదో నలిగినట్టు నొప్పి వస్తుంటే మాత్రం బలవంతంగా వంచకండి, ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

గట్టు మీద నడుస్తుంటే కాలు జారిపోతున్నట్టు ఉంది

తారురోడ్డు మీద చక్కగా నడిచేవాళ్లు పొలం గట్టు ఎక్కగానే తడబడతారు. మన దగ్గర చాలామంది కుర్రాళ్లు చేలో పనికీ వెళ్తారు, మంచుకు తడిసిన గట్టు మీద సైకిలూ నడిపిస్తారు. అందుకే ఈ మాట నాకు తరచుగా వినిపిస్తుంది.

కారణాలు రెండు. ఒకటి, లిగమెంటు కీలును పట్టి ఉంచే తాడు మాత్రమే అనుకుంటాం కానీ, పాదం ఎంత వాలిందో మెదడుకు తెలిపే నరాల చివర్లు కూడా దాని లోపల ఉంటాయి. లిగమెంటు సాగినప్పుడు అవీ దెబ్బతింటాయి. కాలు వాలిందన్న కబురు ఆలస్యంగా అందుతుంది. రెండు, బయటి గిలక వెనక నుంచి వచ్చే కండరాలు పాదాన్ని బయటికి లాగి మడతపడకుండా ఆపుతాయి. వాడకం లేక అవి నీరసిస్తాయి. కబురు ఆలస్యమై, లాగే కండరం కూడా నీరసంగా ఉంటే గట్టు అంచు మీద కాలు నిలవదు.

దీనికి మందు లేదు, కట్టుతోనూ తీరదు. ఒంటికాలి మీద నిలబడడమే వైద్యం. మొదట గచ్చు మీద, కళ్లు తెరిచి, 30 సెకన్లు. ఊగకుండా నిలవగలిగాక కళ్లు మూసుకుని. అది కుదిరాక మడత పెట్టిన బొంత మీదో దిండు మీదో. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడి ఎవరైనా విసిరిన బంతి పట్టుకోవడం. రోజుకు పది నిమిషాలు చాలు, కానీ రోజూ చేయాలి. ఒకసారి బెణికినవాళ్లు ఈ సాధన చేస్తే మళ్లీ బెణికే అవకాశం తగ్గుతుందని పరిశోధనల్లో స్పష్టంగా తేలింది. నా దగ్గర ఆడే పిల్లల్లో కూడా మానకుండా చేసినవాళ్లనూ మానేసినవాళ్లనూ పక్కపక్కన చూశాను కాబట్టి దీని గురించి ఇంత పట్టుబడతాను.

కండరానికి పాత సైకిల్ ట్యూబు ముక్క సరిపోతుంది. మంచం కోడుకు ఒక కొస కట్టి, రెండో కొస పాదం ముందు భాగానికి తగిలించి, మడమ కదలకుండా పాదాన్ని బయటికి లాగండి. నెమ్మదిగా వెనక్కి రానివ్వండి. వెనక్కి వచ్చేటప్పుడు ఆపుతూ రావడమే ఇందులో అసలు పని. పదిహేనేసి చొప్పున మూడు విడతలు.

ఇవన్నీ కుదిరాక పొడిగా ఉన్న వెడల్పు గట్టు మీద, పగటి వెలుగులో, చేతిలో బరువు లేకుండా నడవండి. ఆ తర్వాత దున్నిన చేను, ఓడలరేవు సముద్రతీరం వైపు వెళ్తే అక్కడి ఇసుక. తడి గట్టు అన్నిటికన్నా చివర.

ఇక్కడే ఇంకో మాట. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు పచ్చని చేల మీదుగా, కౌశిక పాయ దాటి వెళ్తాయి. మోయాలని ప్రతి కుర్రాడికీ ఉంటుంది, అది అర్థం చేసుకోదగ్గ కోరికే. అయితే బురదలో, భుజం మీద బరువుతో, ముందూ వెనకా మనుషులు కదులుతుంటే మీ కాలు తడబడినప్పుడు మీరు ఆగలేరు. కోర్టులో అయితే కూత ఆపి పక్కకు రావచ్చు. కాలు ఇంకా కుదురుకోనివాళ్లు ఆ ఏడాది భుజం ఇవ్వకుండా పక్కన నడవండి.

పరుగు బాగానే ఉంది, వెనక్కి తిరగాలంటే భయంగా ఉంది

ఆ భయాన్ని కొట్టిపారేయకండి. చాలాసార్లు అది బలం ఇంకా చాలలేదన్న సంకేతం. గోడకు వేలు ఆనించి ఒంటికాలి మీద మునివేళ్లపై లేవండి. రెండో కాలు పాతికసార్లు లేస్తే ఇదీ దాదాపు అన్నిసార్లు లేవాలి. తర్వాత ఒంటికాలితో మూడు గెంతులు గెంతి దూరం కొలవండి. మంచి కాలు దూరంలో కనీసం 90 శాతం రావాలి. పక్కకు గెంతడం కూడా చూడండి, కబడ్డీకి అదే ముఖ్యం.

ఇవి కుదిరితే వరస ఇలా ఉంటుంది. నేరుగా నెమ్మది పరుగు, ఆ తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో పరుగు, ఆ తర్వాత వేగంగా వంకరటింకర పరుగు. అప్పుడు కోర్టులో ఎవరూ పట్టుకోకుండా కూతలు. బోనస్ గీత దాకా వెళ్లి కాలు చాచి వెనక్కి రావడం. తర్వాత ఒక్క డిఫెండరుతో, చీలమండ పట్టు లేకుండా. చివరగా పూర్తి ఆట. ఒక్కో మెట్టు మీద కనీసం రెండు రోజులు ఉండండి. పొద్దుటి వాపు పరీక్షలో తప్పితే ఒక మెట్టు దిగండి.

చిన్న బెణుకైతే రెండు మూడు వారాల్లో ఇదంతా పూర్తి కావచ్చు. లిగమెంటు సగం తెగితే నెలా నెలన్నర పడుతుంది. పూర్తిగా తెగితే మూడు నెలలు అనుకోండి. పోటీ తేదీని బట్టి ఈ లెక్క మారదు.

ఇవి మామూలు బెణుకు లక్షణాలు కావు

నొప్పి గిలక కింద కాకుండా పైన, రెండు ఎముకల మధ్య ఉండి, పిక్క మధ్యలో రెండు ఎముకలనూ కలిపి నొక్కితే చీలమండ దగ్గర నొప్పి పుడితే అది పై బెణుకు. కార్నర్ ఆటగాడు (కోర్టు మూలన నిలబడే డిఫెండరు) పాదం పట్టేసినప్పుడు ఒళ్లు తిరిగితే ఇలా జరగవచ్చు. మామూలు బెణుకు కన్నా ఎక్కువ కాలం పడుతుంది, డాక్టరు చూడకుండా బరువు వేయకూడదు.

బయటి గిలక వెనక ఏదో తీగ 'టక్'మని పక్కకు జరుగుతున్నట్టు ఉంటే, కండరాన్ని ఎముకకు కలిపే తాడు దాని గాడిలోంచి తప్పుతోందని అర్థం. సాధన ఆపి చూపించండి.

ఆరు వారాలు దాటినా లోపల లోతుగా నొప్పి, కీలు మధ్యలో ఇరుక్కున్నట్టు ఆగిపోవడం ఉంటే కీలు లోపలి మృదులాస్థి దెబ్బతిని ఉండవచ్చు. అది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎమ్మారై అవసరం పడుతుంది. పాదం పైభాగంలో తిమ్మిరి తగ్గకుండా ఉంటే నరం సాగిందేమో చూడాలి.

ఆట రోజున ఏం కట్టుకోవాలి

ఒకసారి బెణికినవాళ్లకు తాళ్లతో బిగించే చీలమండ బ్రేస్ గానీ, తెలిసినవాళ్లు వేసిన గట్టి టేపు గానీ బాగా పనికొస్తుంది. కనీసం ఆరు నెలలైనా ఆటకు వాడండి. మెడికల్ షాపులో దొరికే మెత్తని సాగే తొడుగు వెచ్చగా ఉంటుందే తప్ప మడతపడే పాదాన్ని ఆపలేదు. టేపు చెమటకు వదులవుతుంది, సగం ఆట విరామంలో చూసుకుని మళ్లీ వేయించుకోండి. మట్టి కోర్టులో వట్టి కాళ్లతో ఆడేవాళ్లయితే బ్రేస్‌తో ముందే నాలుగు రోజులు సాధన చేయండి, అడుగు పడే తీరు కొంచెం మారుతుంది.

ఆడేముందు కోర్టు చుట్టూ ఒకసారి నడవండి. వరి దుబ్బులు తీయని చోటు, నీళ్లు చల్లినప్పుడు మడుగు కట్టిన చోటు ఎక్కడుందో కెప్టెనుకు చెప్పండి. ఆట మధ్యలో కాలు ఒక్కసారి జారినట్టు అనిపిస్తే, నొప్పి లేకపోయినా, ఆ కూత అయ్యాక చెయ్యెత్తి సబ్‌స్టిట్యూట్‌ని పిలవండి.