మల్లె ఏపుగా పెరిగి పూయట్లేదా? ఎరువు పక్కన పెట్టి ఇవి చూడండి

ఫిబ్రవరి సగం దాటిందంటే నా ఫోన్‌కి మల్లెపొదల ఫొటోలు వస్తుంటాయి. ఆకు నిగనిగలాడుతుంటుంది, పొద ఏపుగా ఉంటుంది, మొగ్గ మాత్రం ఒక్కటీ కనిపించదు. కింద ఒకటే ప్రశ్న: "ఏం వేయమంటారండీ?" అప్పటికే పశువుల ఎరువు వేసి ఉంటారు, వేరుశనగ చెక్క నానబెట్టి పోసి ఉంటారు, ఎవరో చెప్పారని అరటి తొక్కలు కూడా పాతి ఉంటారు. చాలా ఇళ్లలో మల్లె పూయకపోవడానికి కారణం వేసింది చాలక కాదు, ఎక్కువై.

ముందు ఎండ సంగతి తేల్చండి

ఎండ ఎంతసేపు పడుతుంది అని అడిగితే "వెలుతురు బాగానే వస్తుందండీ" అంటారు. నేనడిగింది వెలుతురు గురించి కాదు. సూటిగా ఆకు మీద పడే ఎండ రోజుకి ఆరు గంటలు కావాలి. ఒక ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి గంటకోసారి వెళ్లి, మొక్క నీడ నేల మీద స్పష్టంగా పడుతోందో లేదో చూడండి. అంతకు మించి పరికరాలేం అక్కర్లేదు. నాలుగు గంటలు కూడా లేకపోతే మిగతాది చదవక్కర్లేదు, కుండీని డాబా మీదికి ఎక్కించండి. పక్కింటివాళ్లు పైన ఇంకో అంతస్తు వేసుకున్న సంగతి మర్చిపోయి, రెండేళ్లుగా మొక్కని తిడుతున్నవాళ్లు నాకు తెలుసు.

అలాగే అది నిజంగా మల్లేనా అన్నదీ చూసుకోండి. కాగడా మల్లె చలికాలపు పువ్వు, దాన్ని ఉగాదికి పూయమంటే పూయదు. జాజి జోరంతా వానాకాలంలో. మార్చి నుంచి జూన్ దాకా పూసేవి గుండుమల్లె, బొండుమల్లె లాంటివి.

ఆకు బాగుంది, మొగ్గ లేదు

మల్లె కొత్త చిగురు కొసన పూస్తుంది. ముదురు కొమ్మలు అలాగే ఉండిపోతే చిగురు తక్కువ, పువ్వు తక్కువ. అందుకే మల్లెకి పేరున్న మైలవరం వైపు తోటల్లోనైనా, ఎక్కడైనా, చలికాలంలో నీళ్లు ఆపి, మొక్కని ఎండబెట్టి, కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేస్తారు. ఇంట్లో లెక్క సులువుగా గుర్తుండాలంటే: నెలగంట పెట్టగానే, అంటే డిసెంబరు సగంలో, నీళ్లు ఆపండి, కనుమ వెళ్లాక నేల నుంచి అడుగున్నర ఎత్తులో కత్తిరించండి, ఆ తర్వాత ఎరువు వేసి నీళ్లు మొదలుపెట్టండి. శివరాత్రి నాటికి చిగుళ్లు నిండుతాయి, ఉగాదికి పూలు అందుతాయి. కుండీలో మొక్కని మరీ మాడ్చకండి. ఆకు వాలిపోతే ఓ చెంబుడు పోసి మళ్లీ ఆపండి.

కత్తిరించడానికి మనసొప్పక కొసలు గిల్లి వదిలేస్తారు చాలామంది. అది క్షవరం కాదు, దువ్వుకోవడం.

ఇవన్నీ చేశాక కూడా పూయకపోతే, నన్ను రెండు వేసవులు ఏడిపించిన సంగతి చెప్తాను.

మా పెరట్లో గుండుమల్లె ఉంది. కడియం నర్సరీల నుంచి తెప్పించిన మొక్క. డిసెంబరులో నీళ్లు ఆపాను, జనవరిలో కత్తిరించాను. ఫిబ్రవరిలో చేతి పొడవు చిగుళ్లు వచ్చాయి, ఆకు చూస్తే తమలపాకంత. మార్చి అంతా ఎదురు చూస్తే వచ్చినవి పట్టుమని పది పూలు. రెండో ఏడాదీ అదే తంతు. మొక్క జాతే మంచిది కాదనుకుని పీకేద్దామని గునపం కూడా తెచ్చాను.

పీకకుండా ఆపింది మా అమ్మ పాలకూర మడి. మల్లెకి రెండున్నర అడుగుల దూరంలో ఉంటుంది. ఆకు అయిపోయిందని మడి తిరగేస్తుంటే జానెడు లోతులో సన్నటి తెల్లవేళ్లు జడలా అల్లుకుని కనిపించాయి. పాలకూర వేళ్లు కావవి. ఒకదాన్ని పట్టుకుని మట్టి జరుపుకుంటూ పోతే, రాను రాను లావై, గోధుమరంగుకి తిరిగి, తిన్నగా మల్లె మొదట్లోకి చేరింది.

నేను మొదలు దగ్గర నీళ్లు ఆపి మొక్కకి విశ్రాంతి ఇచ్చాననుకుంటున్నాను. అదేమో పక్క మడిలో రోజూ తాగుతోంది. పైగా ఆకు కోసిన ప్రతిసారీ మా అమ్మ మడిలో చల్లే చిటికెడు యూరియా కూడా దానికే చేరుతోంది. నీళ్లూ నత్రజనీ ఆగకుండా అందితే మల్లె ఆకు పెంచుతుంది. నాలుగు రోజులు దప్పిక తెలియనిదే దానికి పూయాలని తోచదు. తోటల్లో ఏడాదికి మొక్కకి నత్రజని 60 గ్రాములైతే భాస్వరం, పొటాష్ 120 గ్రాముల చొప్పున వేయమని సిఫారసు. మనం ఇళ్లలో చేసేది దీనికి తలకిందులు.

మీ ఇంట్లోనూ ఇదే జరుగుతోందా అన్నది మొక్కే చెప్తుంది. నీళ్లు ఆపిన రెండు మూడు వారాలకి ముదురు ఆకు మెరుపు తగ్గి, పండి రాలడం మొదలవ్వాలి. నల్లరేగడి నేలైతే ఇంకో వారం పట్టొచ్చు. నెల గడిచినా ఆకు తళతళలాడుతూనే ఉందంటే అది ఎక్కడో తాగుతోందన్నమాట. ఎక్కడన్నది మీరు వెతకాలి. ట్యాంకు నిండి పొంగే పైపు, వంటింటి సింకు నీళ్లు పోయే గాడి, తులసికోట పళ్లెం, అవతల గోడ పక్కన పొరుగువారి అరటిచెట్టు, ఏదైనా కావచ్చు. కుండీని మట్టినేల మీద పెట్టినవాళ్లు ఒకసారి ఎత్తి చూడండి. లేవకపోతే అడుగు రంధ్రంలోంచి వేరు నేలలోకి దిగిందని అర్థం. ఇక ఇంట్లో పెద్దవాళ్లు జాలిపడి బియ్యం కడుగు పోస్తుంటారు. అత్తయ్యగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మీరు ఆపింది ఉదయం పూట, ఆవిడ పోసేది సాయంత్రం.

మొదలు దగ్గర నేల పొడిగా ఉందని మోసపోకండి, నేను మోసపోయింది అక్కడే. మొక్క చుట్టూ మూడడుగుల దాకా నాలుగు చోట్ల వేలెడు లోతు తవ్వి చూడండి. ఏ వైపు తడి తగిలితే ఆ వైపే దొంగదారి.

పరిష్కారం పెద్ద పనేం కాదు. డిసెంబరులో, తడి ఉన్న వైపు మాత్రమే, మొదలుకి అడుగున్నర దూరంలో అడుగు లోతు గాడి తీసి, అడ్డొచ్చిన వేళ్లని పదునైన పారతో ఒక్క వేటుకి తెంపండి. నలపొద్దు. పది రోజులు గాడి తెరిచి ఉంచి తర్వాత పూడ్చండి. చుట్టూరా తెంపితే మొక్క చావొచ్చు, ఎండాకాలంలో తెంపినా అంతే. పాలకూర మడిని పెరడు అవతలి మూలకి మార్చడానికి మా అమ్మని ఒప్పించడమే నాకు కష్టమైంది. ఆ మార్చిలో ప్రతి కొసకీ మూడేసి మొగ్గల గుత్తులు, నడిమి మొగ్గ ముందు విచ్చుకుని, పక్కవి రెండూ వెనకాలే.

మొగ్గలు వస్తున్నాయి, ఊదారంగుకి తిరిగి రాలుతున్నాయి

ఇది పురుగు. ఒక మొగ్గని గోటితో చీల్చండి. మొగ్గకి గుండ్రటి కన్నం, లోపల చిన్న పురుగు ఉంటే మొగ్గతొలిచే పురుగు. కన్నం లేకుండా మొగ్గ మొదలు ఉబ్బి రంగు మారితే, మొగ్గల్లో గుడ్లు పెట్టే చిన్న ఈగ పిల్లలు లోపల ఉన్నట్టు. రెండింటికీ మొదటి పని ఒకటే: పాడైన మొగ్గలు, నేల రాలినవి కూడా ఏరి కవర్లో కట్టి పారేయండి. చెట్టు కిందే వదిలేసి మందు కొట్టడం దండగ. ఈగ పిల్ల మట్టిలోకే దిగుతుంది కాబట్టి పైమట్టి గుల్ల చేసి ఎండ తగలనివ్వండి. తర్వాత లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లతో కలిపి, సాయంత్రం, వారానికోసారి.

రంగు మారకుండా పచ్చి మొగ్గలే రాలుతుంటే అది నీళ్ల తేడా. మొగ్గ పడ్డాక ఒకరోజు పోసి మూడు రోజులు మర్చిపోకూడదు. విశ్రాంతి అన్నది డిసెంబరు మాట, మార్చిది కాదు.

ఆకు పసుపు పచ్చ

ఈనెలు ఆకుపచ్చగా ఉండి, మధ్య భాగం మాత్రం పాలిపోతే ఇనుము అందట్లేదు. బోరు నీళ్లు పోసే ఇళ్లలో మామూలే. లీటరుకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకు మీద చల్లండి. సన్నటి చుక్కలు, ఆకు అడుగున దుమ్ములాంటిది కనిపిస్తే ఎర్రనల్లి. ఉదయాన్నే పైపుతో ఆకు అడుగు గట్టిగా కడగండి, చాలావరకు పోతుంది.

నులిపురుగులు, వైరస్ తెగుళ్లు అంటూ ఇంకా చాలా చెప్తారు. ఇంటి మల్లెల్లో అరుదు. అక్కడిదాకా వెళ్లేముందు ఎండ మళ్లీ లెక్కపెట్టండి.

ఏప్రిల్ వచ్చేసింది, ఇప్పుడెలా?

ఇప్పుడు నీళ్లు ఆపకండి, వేరు ముట్టుకోకండి. పూయని పొడవాటి చిగుళ్లని సగానికి కత్తిరించి, నత్రజని ఎరువులు మానేసి, గుప్పెడు ఎముకల పొడి మట్టిలో కలపండి. మే చివర్లో ఓ విడత పూలు రావచ్చు. మడి సంగతి మాత్రం ఇప్పుడే చూసి పెట్టుకోండి, డిసెంబరు దాకా గుర్తుండదు.