పై ఆర్‌పీఎంలో పికప్ చచ్చిపోతోందా? ఇంజన్ స్వాప్‌లో ఇంజెక్టర్, పంపు లెక్కలు

స్వాప్ చేసిన (పాతది తీసి వేరేది వేసిన) ఇంజన్ పై ఆర్‌పీఎంలో లాగడం లేదనగానే వచ్చే సలహా "పెద్ద ఇంజెక్టర్లు వెయ్యి". బెంగళూరులో స్పేర్‌పార్ట్స్ అమ్మే జేసీ రోడ్‌లో డబ్బు పోసే ముందు రెండు కొలతలు తీయండి: ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే రైల్ దగ్గర ఫ్యూయల్ ప్రెషర్, పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజీ. తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

సమస్య: 5,500 దాకా బాగుంది, ఆపైన లీన్ అవుతోంది

లీన్ అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందకపోవడం. టర్బో ఇంజన్‌కి ఇది ప్రాణాంతకం. బూస్ట్‌లో (టర్బో గాలిని ఒత్తిడితో నెడుతున్నప్పుడు) లీన్ అయితే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్ పోతుంది. కారణం దొరికేదాకా ఫుల్ థ్రాటిల్ వద్దు.

ప్రెషర్ గేజ్‌ని బయట, అద్దం మీద కనిపించేలా కట్టండి. పెట్రోల్ లైను మాత్రం క్యాబిన్‌లోకి తేవద్దు. బేస్ ప్రెషర్ 3 బార్, బూస్ట్ 1 బార్ అయితే గేజ్ 4 చూపాలి. 3 దగ్గరే ఆగిపోతే ప్రెషర్ రెగ్యులేటర్‌కి ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) నుంచి వచ్చే పైపు ఊడిందేమో చూడండి. అప్పుడు ఇంజెక్టర్‌కి నికరంగా దక్కేది 2 బారే, ఫ్లో దాదాపు 18 శాతం పడిపోతుంది. అలా కాక 4కి ఎక్కి మళ్లీ జారుతుంటే పంపో, ఫిల్టరో, కరెంటో చాలట్లేదని అర్థం.

ముందు కరెంటు సంగతి చూడండి. ఇంజన్ లోడ్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉండి, పంపు దగ్గర 11.5 వస్తోందంటే పాత సన్నని వైరు పెద్ద పంపు భారం మోయలేకపోతోంది. పట్టుకుంటే వేడిగా తగులుతుంది కూడా. బ్యాటరీ నుంచి నేరుగా మందమైన వైరు లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, మధ్యలో రిలే పెట్టండి. ఎర్త్ వైరు కూడా అంతే మందంగా ఉండాలి. దాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే

అప్పుడు ఇంజెక్టర్ లెక్క వేయండి. టర్బో పెట్రోల్ ఇంజన్‌కి ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 0.6 పౌండ్ల ఇంధనం కావాలి. 300 హెచ్‌పీ అంటే 180 పౌండ్లు. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే 45, డ్యూటీ (ఒక సైకిల్‌లో ఇంజెక్టర్ తెరిచి ఉండే వాటా) 80 శాతం దాటకూడదు కాబట్టి 0.8తో భాగిస్తే ఒక్కోదానికి గంటకు 56 పౌండ్లు. అంటే నిమిషానికి దాదాపు 590 సీసీ. మన బంకుల్లో ఉన్నది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్), దానికి ఇంకో ఆరేడు శాతం కలపాలి. 630–650 సీసీ చూసుకోండి.

పంపుకైతే అదే 180 పౌండ్లు గంటకు సుమారు 113 లీటర్లు. ఈ20కి కొంత, రిజర్వ్‌గా కొంత కలిపితే 145 అవుతుంది. ఇది 4 బార్ దగ్గర, పంపుకి నిజంగా అందే వోల్టేజీలో రావాలి. డబ్బా మీద రాసిన అంకె తక్కువ ప్రెషర్‌లో కొలిచింది అయ్యుండొచ్చు. అందుకే ఫ్లో చార్ట్ అడగండి, చార్ట్ చూపలేని పంపు కొనకండి.

సమస్య: బెంగళూరులో బాగుంది, చెన్నైలో లీన్

బెంగళూరులో ట్యూన్ చేసి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. చెన్నైలో గాలి ఒత్తిడి పదిశాతం పైనే ఎక్కువ. టర్బో లేని ఇంజన్ అక్కడ ఎక్కువ గాలి పీలుస్తుంది, ఇంధనమూ ఆ మేరకు అడుగుతుంది. ఎండ వేడికి గాలి పలచబడి కొంత తగ్గినా, తేడా పూర్తిగా పోదు. డైనోలో (పవర్ కొలిచే యంత్రంలో) డ్యూటీ ఇక్కడే 90 ఉంటే అక్కడ చేతులెత్తేస్తుంది. బెంగళూరులో 75 దాటకుండా ఉండే ఇంజెక్టర్ వేసుకుంటే టెన్షన్ ఉండదు. డ్యూటీ తెలుసుకోవాలంటే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) రికార్డు చేసిన లాగ్ చూడండి: 7,000 ఆర్‌పీఎంలో ఒక సైకిల్ 17.1 మిల్లీసెకన్లు, పల్స్ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) 13.7 దాటిందంటే 80 శాతం అయిపోయినట్టే.

సమస్య: ఐడిలింగ్‌లో ఊగిసలాట, పెట్రోల్ వాసన

ఏసీ వేయగానే ఎక్కువైతే ముందు అనుమానించాల్సింది డెడ్ టైమ్ టేబుల్‌ని (ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం లెక్క). వోల్టేజీ తగ్గితే ఇంజెక్టర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఆ లెక్క ఈసీయూకి తెలియాలి. మీ ఇంజెక్టర్ డేటానే ఎక్కించండి, వేరే మోడల్‌ది కాపీ కొట్టకండి. మల్టీమీటర్‌తో ఓమ్స్ కూడా చూడండి: 12–16 వస్తే సరే, 2–3 వస్తే తగిన డ్రైవర్ లేదా రెసిస్టర్ లేకుండా కనెక్ట్ చేయొద్దు, ఈసీయూ కాలిపోతుంది.

సమస్య: మలుపుల్లో మాత్రమే కట్ అవుతోంది

ట్యాంక్ సగానికి తగ్గాక వస్తే పెట్రోల్ పక్కకి జరిగి పంపు గాలి పీలుస్తోంది. సర్జ్ ట్యాంక్ (పంపుకి ఎప్పుడూ పెట్రోల్ అందించే చిన్న అదనపు ట్యాంక్) వేయించండి. అప్పటిదాకా ట్యాంక్ నింపుకునే ట్రాక్‌లోకి దిగండి.