కాలువ గట్టుకు కాల్చిన చెక్క, ఇనుముతో బెంచీ చేయడం ఎలా?

గోదావరి డెల్టాలో ఆరుబయట వేసిన చెక్క బెంచీ పలక మధ్యలో చెడడం అరుదు. బోల్టు దిగిన చోట, పలక కొసన, కాలు నేలను తాకిన చోట నీరు నిలిచి అక్కడి నుంచి పుచ్చు మొదలవుతుంది. జపాన్‌లో గోడ పలకలను పైపైన కాల్చి బొగ్గు పొర కట్టించే యాకిసుగి పద్ధతిని ఇక్కడ వాడుకోవచ్చు గానీ, ఆ పొర కాలిన చోటునే కాపాడుతుంది. ఇనుముపై జింకు పూత సంగతీ దాదాపు అంతే. కాబట్టి కోతలు, రంధ్రాలు, వెల్డింగు ముందుగా ముగించి, ఆ తరువాతే నిప్పు, జింకు పనులకు దిగాలి.

అడితిలో చేవ ఉన్న టేకు పలకలను 40 మి.మీ. మందంతో ఎంచుకుని, అంచున తెల్లగా కనిపించే లేత చెక్కను తీసివేయించాలి. కాలువలు కట్టేసే వేసవిలో పని పెట్టుకుంటే చెక్క బాగా ఆరి ఉంటుంది. మరలు (స్క్రూలు) దిగే రంధ్రాలను పలక అడుగు నుంచి, పైకి తేలకుండా వేయాలి. కూర్చునే వైపు రంధ్రం లేకపోతే వాన నీరు చెక్కలోకి దిగే దారే ఉండదు.

చట్రానికి 50 మి.మీ. చదరపు పైపు సరిపోతుంది; కూర్చునే ఎత్తు 450 మి.మీ. ఉండాలి. మూసి ఉన్న ప్రతి పైపుకూ గాలి పోయే రంధ్రాలు తప్పనిసరి. అవి లేకుండా సుమారు 450 డిగ్రీల వద్ద కరిగిన జింకు తొట్టెలో ముంచితే లోపలి తేమ ఆవిరై పైపు పేలే ప్రమాదం ఉంది. అంతర్వేది, ఓడలరేవు వంటి ఉప్పుగాలి ఊళ్లలో జింకుపైన ఇపాక్సీ రంగు కూడా వేయించి, 316 రకం స్టెయిన్‌లెస్ మరలు వాడడం మంచిది.

తాటాకు కప్పులకూ గడ్డివాములకూ దూరంగా, గాలి లేని వేళ, నీళ్ల బకెట్లు దగ్గర పెట్టుకుని గ్యాస్ టార్చ్‌తో కాల్చాలి. ఎండిన రేగడి చేను నెర్రెలిచ్చినట్లు పైభాగం సన్నగా చిట్లేదాకా మంటను కదుపుతూ, కొసలను మరి కాస్త ఎక్కువసేపు కాల్చాలి. గోడకైతే ఆ బొగ్గును అలాగే వదలవచ్చు. బెంచీపై తెల్ల పంచెలతో కూర్చుంటారు కనుక ఇనుప బ్రష్‌తో వదులు మసిని రాల్చి, ఉడికించిన అవిసె నూనెను (బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్) రెండు పూతలు వేసి, రంధ్రాలలోకీ పట్టించాలి. నూనె ఆరాక తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడాలి. గుడ్డ నల్లబడితే మళ్లీ బ్రష్ పట్టవలసిందే. నూనె గుడ్డలను ఉండ చుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకోగలవు. వాటిని నీటిలో తడిపి పారవేయాలి.

బిగించేటప్పుడు పలకల మధ్య 10 మి.మీ. సందు, చెక్కకూ ఇనుముకూ మధ్య రబ్బరు వాషర్లు ఉంచాలి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది కనుక కాళ్ల కింది కాంక్రీటు దిమ్మలను కనీసం అర మీటరు లోతుకు దించి, నేలపైన 100 మి.మీ. కనిపించనివ్వాలి. బొగ్గు పొర ఒక్కటే చెదలను ఆపుతుందని నమ్మరాదు. దిమ్మ బయటికి కనిపిస్తే చెదల మట్టి దారులు కంటపడతాయి. నల్లచెక్క ఎండకు చురుక్కుమంటుంది, అందుచేత కానుగ లేదా నిద్రగన్నేరు నీడ చూసుకోవాలి. గట్టుపై తవ్వడానికి జలవనరుల శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

ఏటా తొలకరికి ముందు ఒక పూత నూనె చాలు. మొదట కాల్చేటప్పుడే రెండు పలకలు అదనంగా సిద్ధం చేసి పంచాయతీ కార్యాలయంలో ఉంచితే, అరిగిన పలకను అడుగు మరలు విప్పి వెంటనే మార్చుకోవచ్చు.