బీపీ మాత్ర తప్పకుండా ఉండాలంటే: నా అనుభవం

ఉదయం వేసుకోవాల్సిన బీపీ మాత్ర వారానికి రెండు మూడుసార్లు తప్పేది. ‘ఈ నెల ఒక్కటీ మానకూడదు’ అన్న పట్టుదల, ఫోన్ అలారం, క్యాలెండర్‌లో టిక్కులు ఏవీ నిలవలేదు. అలారం మోగేసరికి మాత్ర వేరే గదిలో ఉండేది. అసలు లోపం అదే.

చివరికి కుదిరింది ఇలా: ఏడు గళ్ల మాత్రల డబ్బా కొని, ఆదివారం రాత్రి భోజనం కాగానే నింపడం. రేకులోంచి మాత్ర తీయకుండా కత్తెరతో రేకునే ఒక్కో మాత్ర చొప్పున కత్తిరించి వేయాలి, రేకు లేకుండా వేస్తే తేమ పడుతుంది. ఆ డబ్బాను కాఫీపొడి డబ్బా మూత మీదే పెట్టాలి (పొయ్యికి దూరంగా, పిల్లలకు అందకుండా). దాన్ని జరపనిదే కాఫీ కలపలేం. గడి ఖాళీ అయితే వేసుకున్నట్టే, అనుమానంతో రెండోది మింగే ప్రమాదమూ ఉండదు. నింపేటప్పుడు ఇంట్లో ఏడు మాత్రలే మిగిలితే మర్నాడే మందుల షాపుకు వెళ్లాలి.

రాత్రి మాత్రలకూ ప్రయాణాలకూ ఇది ఇంతే బాగా కుదురుతుందని చెప్పలేను. తప్పినదానికి మర్నాడు రెండు వేసుకోకండి, డాక్టర్‌ని అడగండి.