గ్రీకు స్వయంగా నేర్చుకుందాం – 6: నోటికొచ్చిన వచనంతో చిక్కు

పోయిన పాఠంలో విభక్తులు చూశాం. ఈసారి వ్యాకరణం తక్కువ. అనువాదంలో కాపీ ఎక్కడ మొదలవుతుందో చూద్దాం.

సికింద్రాబాద్ వైపు హాస్టళ్లలో ఉండి కొత్త నిబంధన గ్రీకు చదివేవాళ్లకు పక్కవాడి పేపరుతో పెద్దగా పనిలేదు. సండేస్కూల్ నుంచే తెలుగు బైబిలు నోటికొచ్చు కదా! యోహాను సువార్త మొదటి వచనం ఇస్తే గ్రీకు వైపు కన్నెత్తకుండానే 'వాక్యము దేవుడై యుండెను' అని రాసేస్తారు. మార్కులు పడతాయి, గ్రీకు రాదు. నన్నడిగితే ఇదీ కాపీయే.

అసలు గ్రీకు ఇది: కాయ్ థెయోస్ ఏన్ హొ లోగోస్. వరసగా అయితే 'మరియు, దేవుడు, ఉండెను, ఆ, వాక్యము'. థెయోస్ ముందుంది. మరి 'దేవుడు వాక్యమై యుండెను' ఎందుకు కాలేదు? 'రావణుని రాముడు చంపెను' అంటే మనం తికమకపడం, 'ని' ఉంది కాబట్టి. ఇక్కడ ఆ సాయమూ లేదు, రెండూ ప్రథమా విభక్తే. తేల్చేది లోగోస్ ముందున్న ఆ చిన్న 'హొ', అంటే ఇంగ్లీషు the లాంటి ఆర్టికల్. ఇలాంటి చోట ఆర్టికల్ ఉన్న పదాన్నే కర్తగా తీసుకుంటాం. థెయోస్‌కు అది లేదు. ఈ ముక్క ఎవరైనా అడిగినప్పుడు చెప్పగలిగితే అనువాదం మీదే, అచ్చు బైబిల్లో ఉన్నట్టే వచ్చినా సరే.

నీలం పెన్నుతో సొంతంగా రాయండి. తర్వాతే అచ్చు అనువాదం తెరిచి, ఎర్ర పెన్నుతో దిద్దుకోండి. వైట్‌నర్ వద్దు, తప్పు కనబడాలి. డిక్షనరీ ఎంతైనా చూడొచ్చు. వాక్యం మొత్తం ఫోన్‌లో పెట్టి అనువాదం తెచ్చుకుంటే మాత్రం ఆ సంగతి మార్జిన్‌లో రాయండి, టీచరుకు ఇచ్చే కాగితంలో కూడా. రూమ్మేట్లతో విభక్తుల మీద ఎంతసేపైనా వాదించుకోండి, రాసేటప్పుడు ఎవరి కాగితం వాళ్లది.

అభ్యాసానికి బైబిల్లో లేని వాక్యం ఇస్తున్నాను, నోటికొచ్చే ప్రమాదం ఉండదు. 1873లో ఇస్తాంబుల్‌లో బ్రుయెన్నియోస్ అనే గ్రీకు మతాచార్యుడికి దొరికి, 1883లో అచ్చయిన తొలినాటి క్రైస్తవ గ్రంథం 'దిదఖే' ఇలా మొదలవుతుంది:

హొదోయ్ దూవొ ఎయ్సి, మియా తేస్ జోయేస్ కాయ్ మియా తూ థనటూ.

హొదోస్ అంటే దారి, జోయే జీవం, థనటోస్ మరణం. తేస్, తూ ఏ విభక్తో, రెండూ ఒకేలా ఎందుకు లేవో అనువాదం కింద రాయండి. వచ్చే పాఠం అక్కణ్ణుంచే.