ఓఎస్‌పీఎఫ్‌లో సబ్‌నెట్ ఇచ్చినా హెడ్డాఫీసులో రూట్ కనబడట్లేదా? ముందు గేట్‌వే ఐపీ చూడండి

ఓఎస్‌పీఎఫ్ అంటే ఏ నెట్‌వర్క్‌కి ఏ దారిలో (రూట్) వెళ్ళాలో రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి, సబ్‌నెట్ అంటే ఐపీ అడ్రసుల గుంపు, గేట్‌వే అంటే ఆ గుంపులోంచి బయటికెళ్ళే ద్వారం, అంటే రౌటర్ ఐపీ. సమస్య ఇదీ. విజయనగరంలో హెడ్డాఫీసు, పలాసలో జీడిపప్పు గోడౌన్, మధ్యలో లీజు లైను, రెండువైపులా సిస్కో రౌటర్లు, అంతా ఏరియా 0 (ఓఎస్‌పీఎఫ్‌లో మెయిన్ భాగం). గోడౌన్‌లో పాత సబ్‌నెట్ చాలట్లేదని 10.40.16.0/22 కొత్తది ఇచ్చి బిల్లింగ్ సిస్టమ్స్, కెమెరాలు, తూకం మెషీన్ల ప్రింటర్లు అన్నీ ఆదివారం రాత్రి అందులోకి మార్చేశాం. సోమవారం పొద్దున్నే గోడౌన్ నుంచి ఫోన్, "ఏటి బాబూ, బిల్లవట్లేదు, లారీ లోడై నిలబడిపోనాది" అని.

చూస్తే అక్కడ లోకల్‌గా అంతా బానే ఉంది, గేట్‌వే పింగ్ అవుతోంది, ఓఎస్‌పీఎఫ్ నైబర్ (అవతలి రౌటర్) ఫుల్‌లోనే ఉంది, అంటే రెండూ పూర్తిగా మాట్లాడుకుంటున్నాయి, పలాస పాత సబ్‌నెట్ కూడా హెడ్డాఫీసుకి వస్తోంది, ఈ కొత్తదొక్కటే రూటింగ్ టేబుల్లో (రౌటర్‌కి తెలిసిన దారుల లిస్టు) లేదు. నైబర్ ఫుల్‌లో ఉండి ఒక్క సబ్‌నెట్టే రాకపోతే లైను వాళ్ళకి ఫోన్ చేసి తిట్టకండి, తప్పు మన కాన్ఫిగ్‌లోనే ఉంటుంది.

పలాస రౌటర్‌లో మావాడు కొట్టిన లైన్ ఇదీ: నెట్‌వర్క్ 10.40.16.0 0.0.0.255 ఏరియా 0. ఇందులో రెండో నంబరు వైల్డ్‌కార్డ్, అంటే మాస్క్‌ని (సబ్‌నెట్ సైజు చెప్పే నంబరు) తిరగేసింది. అది తప్పని చూడగానే తెలుస్తోంది, /22 కి మాస్క్ 255.255.252.0 కాబట్టి 255 లోంచి 252 తీస్తే 3, అంటే 0.0.3.255 ఉండాలి. కానీ అసలు మజా ఏంటంటే బొబ్బిలి బ్రాంచిలోనూ ఇదే తప్పు కొట్టాడు, అక్కడ ఏడాదిగా బ్రహ్మాండంగా నడుస్తోంది!

ఎందుకంటే చాలామంది అనుకున్నట్టు ఆ నెట్‌వర్క్ కమాండ్ మనం రాసిన సబ్‌నెట్‌ని అడ్వర్టైజ్ చేయదు, అంటే మిగతా రౌటర్లకి చెప్పదు. ఆ రేంజ్‌లో ఐపీ ఉన్న ఇంటర్‌ఫేస్ (రౌటర్ కనెక్షన్) ఏదో వెతికి దాని మీద ఓఎస్‌పీఎఫ్ ఆన్ చేస్తుంది, అంతే. తర్వాత బయటికెళ్ళే సబ్‌నెట్, మాస్క్ ఇంటర్‌ఫేస్ మీద ఉన్నవి, మనం టైప్ చేసినవి కావు. బొబ్బిలిలో గేట్‌వే సబ్‌నెట్‌లో మొదటి ఐపీ, చివర .1, అది తప్పు వైల్డ్‌కార్డ్‌లో కూడా పడిపోయింది, మొత్తం /22 బయటికెళ్ళింది. పలాసలో ఎవరో ముచ్చటపడి చివరి ఐపీ 10.40.19.254 గేట్‌వేగా పెట్టారు, అది 10.40.16 తో మొదలవ్వదు కాబట్టి మ్యాచ్ కాలేదు, ఎర్రర్ కూడా రాదు, నోరు మూసుకుని కూర్చుంటుంది.

కనిపెట్టడం తేలిక, షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్ కొట్టండి, ఆ లిస్టులో మీ వీలాన్ (ఆ సబ్‌నెట్ ఉన్న లోకల్ నెట్‌వర్క్) ఇంటర్‌ఫేస్ లేకపోతే ఇదే కారణం. పాత లైన్ నో పెట్టి తీసేసి 0.0.3.255 తో కొట్టండి, లేదా నాలాగా లెక్కలంటే బద్ధకమైతే నెట్‌వర్క్ 10.40.19.254 0.0.0.0 ఏరియా 0 అని ఒక్క ఐపీకే ఇచ్చేయండి, పొరపాటుకి చోటుండదు. బీజీపీ అనే ఇంకో రూటింగ్ పద్ధతిలో ఈ లెక్క పనికిరాదు, అక్కడ రాసిన సబ్‌నెట్, మాస్క్ అచ్చంగా అలాగే రూటింగ్ టేబుల్లో ఉంటేనే పోతుంది.

లిస్టులో ఇంటర్‌ఫేస్ ఉంది కానీ స్టేట్ డౌన్ అని ఉందా, అయితే ఆ వీలాన్‌లో ఒక్క పోర్టు కూడా అప్‌లో లేదన్నమాట. నరసన్నపేటలో సామాను రాకముందే కాన్ఫిగ్ చేసి గంటసేపు బుర్ర గోక్కున్నాం, ఒక లాప్‌టాప్ గుచ్చగానే రూట్ వచ్చేసింది. రెండో ఐపీగా, అదే సెకండరీగా ఇచ్చిన సబ్‌నెట్ అయితే మెయిన్ ఐపీ కూడా ఓఎస్‌పీఎఫ్‌లో ఉండాలి, లేకపోతే పోదు. నైబరే ఫుల్‌కి రాకుండా మధ్యలో ఎక్స్‌స్టార్ట్ అనే స్టేట్‌లో ఇరుక్కుంటే ఇదంతా వదిలేసి రెండువైపులా ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) సరిచూడండి.

పాసివ్ ఇంటర్‌ఫేస్ పెట్టడం వల్ల సబ్‌నెట్ ఆగదు, హలోలు (నైబర్‌ని పలకరించే ప్యాకెట్లు) మాత్రమే ఆగుతాయి, కాబట్టి లాన్ వైపు తప్పకుండా పెట్టండి. కానీ పాసివ్ డిఫాల్ట్ (అన్ని ఇంటర్‌ఫేస్‌లనీ ఒకేసారి పాసివ్ చేసేది) మాత్రం దూరం నుంచి కొట్టకండి. నేను హెడ్డాఫీసులో కూర్చుని పలాస రౌటర్‌లో కొట్టాను, లీజు లైను పోర్టు కూడా పాసివ్ అయిపోయి నైబర్ పోయింది, రూట్లు పోయాయి, నా సెషనూ పోయింది, సాయంత్రం రైలెక్కి పలాస వెళ్ళాను. హెడ్డాఫీసు రౌటర్‌లోకి వెళ్ళి అక్కణ్ణుంచి అవతలి లీజు లైను ఐపీకి లాగిన్ అయితే సరిపోయేదని రైల్లో ఇచ్ఛాపురం వాడొకడితో మాట్లాడుతుంటే వెలిగింది, ఆ లింకు ఇద్దరికీ డైరెక్ట్ కదా, దానికి ఓఎస్‌పీఎఫ్‌తో పనేంటి.

రూట్ టేబుల్లో ఉండి కూడా బిల్లు అవట్లేదంటే అది ఓఎస్‌పీఎఫ్ రూటేనా, ఎప్పుడో ఎవరో చేత్తో కొట్టిన స్టాటిక్కా చూడండి, డిస్టెన్స్ తక్కువున్నదే గెలుస్తుంది, స్టాటిక్‌ది 1, ఓఎస్‌పీఎఫ్‌ది 110, కాబట్టి పాతదే గెలుస్తుంది. పింగ్ చేసేటప్పుడు సోర్స్‌గా కొత్త వీలాన్ ఐపీ ఇవ్వండి, ఊరికే కొడితే లీజు లైను ఐపీతో వెళ్ళి అంతా బావుందని అబద్ధం చెప్తుంది. ఆ తర్వాత గోడౌన్‌కి ఫోన్ చేసి ఒక బిల్లు కొట్టించండి, ప్రింటైందన్నాక కాన్ఫిగ్ సేవ్ అయ్యేలా రైట్ మెమరీ కొట్టండి, లేకపోతే పలాసలో కరెంటు పోయొచ్చిందంటే మళ్ళీ ఆ 0.0.0.255 లైనే లేచి కూర్చుంటుంది.