ప్లాస్టిక్ గింజల పువ్వులు: రేకు ఊడితే, ముద్ద అంటుకుంటే ఏం చేయాలి?

వేడినీళ్లలో మెత్తబడే తెల్లటి గింజలు పాలీమార్ఫ్, ఇన్‌స్టామార్ఫ్ లాంటి పేర్లతో దొరుకుతాయి. పేరేదైనా లోపలున్నది పాలీక్యాప్రోలాక్టోన్ అనే ప్లాస్టిక్. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరిగితే గాజులా పారదర్శకంగా ఉంటుంది, చల్లారితే మళ్లీ తెల్లబడుతుంది. ఈ రంగు మార్పును కనిపెట్టడం అలవాటైతే సగం టెన్షన్ పోయినట్టే.

సమస్య: రేకు కాడ నుంచి ఊడిపోతోంది

ఎక్కువమందిని విసిగించేది ఇదే. రేకు వేడిగా, కాడ చల్లగా ఉంటే రెండూ కలిసినట్టు కనిపిస్తాయే తప్ప కలవవు. మధ్యలో తడి ఉన్నా అంతే. రెండు అంచులనూ గుడ్డతో పూర్తిగా తుడవండి. వేడిగాలి ఊదే హీట్ గన్‌ను కాస్త దూరంగా పట్టుకుని, రెండూ పారదర్శకం అయ్యేదాకా వేడి చేయండి. అప్పుడు నొక్కి, తెల్లబడేదాకా కదపకుండా పట్టుకోండి. గాలి తగిలి పల్చటి రేకు వాలిపోతుంటే హీట్ గన్ మానేసి, దాని మొదలు మాత్రమే వేడినీళ్లలో ముంచి, వెంటనే తడి తుడిచేయండి. బరువైన పువ్వుకు ఇదీ చాలదు, లోపల సన్నటి తీగ పెట్టాల్సిందే.

సమస్య: ముద్ద గిన్నెకు పట్టేసింది

మరిగే నీళ్లు పోశారన్నమాట. 65-70 డిగ్రీలు చాలు. అంతకు మించితే జిగురు పెరిగి చేతులకూ అంటుతుంది. చల్లటి నీళ్లు పోసి గట్టిపడనిస్తే స్టీలు, గాజు గిన్నెల నుంచి సాధారణంగా ఊడొస్తుంది. ప్లాస్టిక్ గిన్నె అయితే దాని మీద ఆశ వదులుకోండి. ఈసారి అడుగున బేకింగ్ పేపర్ వేయండి.

సమస్య: లోపల బుడగలు

నీరు చిక్కుకుంది. ముద్దను మడిచి పిండుతూ బయటికి తీయండి. ఆ నీరు వేడిగానే ఉంటుంది, కాబట్టి పిల్లల చేతికి ఇవ్వకండి.

సమస్య: రంగు వెలిసినట్టుంది, లేదా పెచ్చులూడుతోంది

కరిగినప్పుడు ముదురుగా కనిపించిన ఎరుపు, చల్లారాక తెల్లదనం కలిసి గులాబీ వైపు తిరుగుతుంది. పొడి రంగు ఇంకొంచెం కలిపి మళ్లీ పిసకండి. పైన పూసిన యాక్రిలిక్ పెచ్చులూడుతుంటే ముందు ఉప్పు కాగితంతో రుద్ది గరుకు చేయాలి. నీళ్లు చిలకరిస్తూ నెమ్మదిగా రుద్దండి, లేదంటే ఆ రాపిడి వేడికే పైపొర నూగులా లేస్తుంది.

సమస్య: ఎండలో వంగిపోయింది

మన ఎండాకాలంలో మూసిపెట్టిన కారు డాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటేస్తుంది. అక్కడ పెట్టే బొమ్మకు ఈ ప్లాస్టిక్ పనికిరాదు. దీపం కుందె, అగరబత్తి స్టాండు కూడా దీనితో చేయకండి. వంగినదాన్ని ముక్కలు చేసి మళ్లీ కరిగించవచ్చు. కాకపోతే రంగుల ముక్కలన్నీ ఒకేసారి వేస్తే బురద రంగు వస్తుంది, విడివిడిగా దాచుకోండి.